పద్నాలుగో పేజీ

పదకొండో వారం

పోయిన వారం పరీక్షలమ్మను జైలు రెండో గేటు దగ్గర, చంకలో ఫైలుతో నిలబెట్టి మనమందరం ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే నిలబడి ఉంది. మీరేమో వేళకు తిన్నారు, కంటినిండా పడుకున్నారు. ఒకరిద్దరు మాత్రం ఆ పిల్లను లోపలికి పంపుతారా, అక్కడే ఎండబెడతారా అని ఉత్తరం ముక్క రాశారు. పంపుతున్నాను. వెళ్లాక ఏం జరిగినా నన్ను ఆడిపోసుకోవద్దని మాత్రం మనవి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు సంగతి క్లుప్తంగా చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఈమె డాక్టరు కాదు, లాయరు కాదు, పోలీసు అసలే కాదు. నేరం చేసి లోపల ఉన్నవాడి మనసు చదివి, బయటికి వదిలితే మళ్లీ ఎవరికైనా హాని చేస్తాడా లేదా అని కాగితం మీద పెట్టడం ఆమె ఉద్యోగం. నేర మనస్తత్వ నిపుణురాలు అని గది తలుపు మీద రాసి ఉంటుంది. అంత పొడుగు పేరు పలికేలోపు అన్నం గంట కొట్టేస్తారని ఖైదీలు ఆమెను పరీక్షలమ్మను చేశారు. పరీక్షలో ఇరవై ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా గాని, ఒకటి గాని, రెండు గాని వేస్తారు. మొత్తం పన్నెండు దాటితే విడుదల లేదు. తక్కువ మార్కులొస్తే గట్టెక్కే పరీక్ష లోకంలో ఇదొక్కటే. నా చిన్నప్పుడు మా బడిలో ఇదే పద్ధతి ఉండుంటే నన్ను అందుకునేవాడు జిల్లాలో ఉండేవాడు కాదు.

ఈ పరీక్షకు ఇప్పుడు కూర్చున్నవాడిని అందరూ చక్కెర అంటారు. మాట అంత తీపి. చేపలు, పళ్లు నిలవచేసే చల్లని గిడ్డంగిలో సరుకు మోసేవాడు. పెట్టెలు మాయం చేస్తున్నాడని యజమానికి చెప్పిన తోటి కూలీ చేతిని ఆ గిడ్డంగి ఇనప తలుపు సందులో పెట్టి మూశాడు. మూసి, కాసేపు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. దానికి ఏడేళ్లు పడింది. అంతకు ముందు చిన్న కేసులు రెండున్నాయి. దెబ్బలు తిన్నవాళ్లందరూ చేసిన పని ఒకటే: చక్కెర గురించి ఎవరికో ఏదో చెప్పారు. చెప్పేవాళ్లంటే అతనికి పడదు.

లోపల మాత్రం ఆరేళ్లుగా మచ్చ లేదు. అక్క చూడటానికి వచ్చిన ప్రతిసారీ "సోదరి చెయ్యి పట్టుకుని ప్రేమగా మాట్లాడినాడు" అని వార్డర్లు రిజిస్టరులో రాశారు. ప్రేమకు సున్నా మార్కు, అంటే చాలా మంచి మార్కు.

నివేదిక రాసేముందు బయట బంధువులను కలవడం పద్ధతి కాబట్టి పరీక్షలమ్మ పోయిన సోమవారం వాళ్ల అక్కను కలిసింది. ఆవిడ బేకరీలో పిండి కలుపుతుంది. "తల్లీ, వాడు నా చెయ్యి పట్టుకుంటాడని మీ పుస్తకంలో రాశారటగా" అని, చేతికున్న పిండి కడుక్కుని చూపించింది. చిటికెన వేలు పక్కకు తిరిగి ఉంది. "పైన మూడు వేళ్లు నిమురుతుంటాడు. కింద ఈ వేలు వెనక్కి విరుస్తుంటాడు, నవ్వుతూనే. తన గురించి ఎవరికీ ఏమీ చెప్పకూడదని గుర్తు చేయడమట. పోయిన నెల విరిగింది. నేనూ నవ్వుతూనే కూర్చున్నాను. అరిస్తే వాడు బయటికొచ్చాక ఇంకా తొమ్మిది వేళ్లున్నాయి గదా నాకు. వాణ్ని వదలొద్దు తల్లీ. నేను చెప్పానని మాత్రం వాడి చెవిన పడనివ్వొద్దు."

అదే రోజు మధ్యాహ్నం భార్య దగ్గరికి వెళ్లింది. ఆవిడ మేడ మీద ఒంటి గదిలో కిటికీ తెరలు కుడుతుంది. కుట్టు మిషను ఆపనైనా లేదు. "నాకేమీ తెలీదండీ. నన్ను అడిగినట్టు గాని, నేను కాదన్నట్టు గాని ఎక్కడా రాయకండి, మీకు పుణ్యముంటుంది" అంది. పరీక్షలమ్మ సరేనంది. మాట నిలబెట్టుకుంది కూడా.

సాయంత్రం అక్క చెప్పిందంతా పద్నాలుగో పేజీలో పూసగుచ్చినట్టు రాసింది. ఇది ఆమె రాసిన మొదటి విడుదల నివేదిక. బుద్ధిమంతురాలు, ఏ రోజు పని ఆ రోజే ముగించే రకం. పేజీలకు సిరాతో నంబర్లు వేసి, ఫైలు కుట్టి, ముడి మీద లక్క వేసింది. తెల్లారి గేటు దగ్గరికి రాగానే మీసాల వార్డరు పలకరించాడు. "ఏమ్మా, ఇవాళ చక్కెరకి చదివి వినిపిస్తున్నారటగా, మొత్తం?"

మొత్తం ఖైదీకే చదివి వినిపించాలని ఆమె వినడం అదే మొదటిసారి. అక్కడ ఆపాను మిమ్మల్ని. ఇక నడవండి.

*

సూపరింటెండెంటు గారి గదిలో పంకా ఎంత నెమ్మదిగా తిరుగుతుందంటే, రెండు రెక్కల మధ్య ఒక సాలీడు గూడు కట్టి, పిల్లల్ని కని, వాటికి సంసారాలు కూడా ఏర్పాటు చేసింది. పద్నాలుగో పేజీ సంగతి ఆమె చెప్పగా విని, ఆయన ఫైలును విప్పకుండానే చేత్తో తూచినట్టు పట్టుకున్నాడు.

"నంబరు వేశారా?"

"వేశాను సార్."

"పెన్సిలుతోనా?"

"సిరాతో."

"కుట్టేశారా?"

"కుట్టి, లక్క కూడా వేశాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసమ్మా నాది. ఈ జైల్లో ఒక్కళ్లంటే ఒక్కళ్లు ఫైలు వేళకు కుట్టిన పాపాన పోలేదు. అందరికీ నేనే గడ్డి పెడుతుంటాను. మీరొక్కరు కుట్టారు. కుట్టకూడని రోజున కుట్టారు."

"ఆ ఒక్క పేజీ తీసేసి మళ్లీ కుడితే?"

"నంబరేసిన పేజీ తీసేస్తే అది నేరం. మీకూ వేరే ఎవరో పరీక్ష పెట్టాల్సొస్తుంది."

"పోనీ ఖైదీకి చదవకుండా నేరుగా విడుదల బోర్డుకి పంపితే?"

ఆయన నిబంధనల పుస్తకం తీశాడు. తియ్యడమేమిటి, అది దానంతటదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది. "ఖైదీకి చదివి వినిపించని మాటను బోర్డు లెక్కలోకి తీసుకోకూడదు. ఎందుకంటే, వాడి వెనక ఎవడో ఏదో రాస్తే వాడు జవాబు చెప్పుకునే వీలుండాలి. న్యాయమే కదా."

"న్యాయమే సార్. కానీ ఈయన జవాబు నోటితో చెప్పడు."

"దానికీ దారుంది. చెప్పినవాళ్లకి హాని ఉందని మీకనిపిస్తే పేజీని ఆపొచ్చు. చదవక్కర్లేదు." ఆమె ముఖం కాస్త విప్పారేసరికి ఆయన తొందరగా మిగతాది చెప్పేశాడు. "ఒక పేజీ ఆపామని మాత్రం ఖైదీకి చెప్పాలి. సంతకం తీసుకోవాలి."

 ఆమె వేళ్లు మడుస్తూ అంది. "చదివితే ఎవరు చెప్పారో తెలిసిపోతుంది, ఏడాదిలో శిక్ష అయిపోయి ఎలాగూ బయటికొస్తాడు. ఆపితే ఎవరో చెప్పారని తెలిసిపోతుంది, పైగా ఆ మాట మార్కులకి పనికిరాదు. ఆ పేజీ లెక్కలోకి వస్తే ఆయనకి పదమూడు. రాకపోతే తొమ్మిది. అంటే ఆయన బయటికొస్తాడు, ఎవరో చెప్పారని తెలిసి మరీ బయటికొస్తాడు."

"అర్థం చేసుకున్నారు. నాకిది బుర్రకెక్కడానికి ఆరేళ్లు పట్టింది."

"ఏం చెయ్యమంటారు సార్?"

"నేనేదైనా చెయ్యమంటే నా మాట మీద చేసినట్టవుతుంది. అందుకని ఏమీ అనను." ఆయన కళ్లజోడు పెట్టుకుని, కొంచెం మెత్తగా అన్నాడు. "బోర్డు గురువారం కూర్చుంటోంది. ఇవాళ సాయంత్రానికి ఫైలు నా బల్ల మీద ఉండాలి. మంచినీళ్లు తాగి వెళ్లండమ్మా."

ఆమె మంచినీళ్లు తాగింది. ఆ గదిలో ఆమె చెయ్యగలిగింది అదొక్కటే.

*

మాట్లాడించే గదిలో బల్ల కాళ్లకు బోల్టులు, కుర్చీ కాళ్లకు బోల్టులు. మనిషి తప్ప అన్నీ నేలకు అతుక్కునే ఉంటాయి. గోడకు భుజాల ఎత్తున జిడ్డు మరక, ఎంతమంది ఆనుకున్నారో దానికే తెలియాలి. బల్ల అడుగున ఆపదవేళ నొక్కే గంట బొత్తం ఉంది. అది మోగి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు కాబట్టి, దాని బదులు మీసాల వార్డరు తలుపు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాడు. పరీక్షలమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది.

"బాబాయ్, ఇవాళ కొంచెం దగ్గరగా కూర్చోండి."

"ఏమ్మా, వాడేం కరవడులే. ఈ జైలు మొత్తానికి పాయసం లాంటోడు వాడొక్కడే."

చక్కెర లోపలికొచ్చి రెండు చేతులూ జోడించి నమస్కరించాడు. నలభై దాటిన మనిషి, గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. కూర్చుంటూనే వార్డరు వైపు తిరిగాడు.

"సార్, మీకు మా గిడ్డంగి చలి సంగతి చెప్పానా?"

"చెప్పు, చెప్పు."

"అంత చలా అంటే, మనిషి నీడ గోడకి అంటుకుపోయేదండీ. సాయంత్రం ఇంటికెళ్తే ఎండలో నాకు నీడే లేదు. మా ఇంటావిడ దడుచుకుంది. మర్నాడు వెళ్లి గరిటెతో గోక్కుని తెచ్చుకునేవాణ్ని. తొందరలో ఒకసారి పక్కవాడి నీడ తొడుక్కుని వచ్చేశాను. పొట్టోడి నీడ. వారం రోజులు వంగి నడిచాను."

వార్డరు మీసాలు ఊగేలా నవ్వాడు. చక్కెర కూడా నవ్వి పరీక్షలమ్మ వైపు తిరిగాడు. "ఆ పొట్టోడే నా మీద చెప్పిందమ్మా. వాడి నీడ ఇంకా అక్కడే ఉంది. ఊడి రాలా."

మొదట్లో అయితే ఆమె కూడా నవ్వేదే. ఆ కోతలకు ఆమె నవ్వినట్టు మనం మూడో భాగంలో చదువుకున్నాం. ఇవాళ ఫైలు తెరిచింది.

పరీక్షలమ్మకు చదువు చెప్పిన మేడమ్ ఒకే మాట పదిసార్లు చెప్పేదట: ఖైదీ ముఖం మీరు చదవండి, మీ ముఖం ఖైదీకి చదవనివ్వకండి. ఆమె ఆ మాట తలుచుకుని, ముఖంలో ఒక్క నరం కూడా కదలనివ్వకుండా మొదటి పేజీ అందుకుంది. పుట్టిన తేదీ, నేరం, శిక్ష. "బయట ఇద్దరు బంధువులను కలవడమైనది." ప్రవర్తన, పని, చదువు. ప్రతి పేజీ చివర చక్కెర గుండ్రటి అక్షరాలతో సంతకం పెడుతున్నాడు. పదమూడో పేజీ అయ్యింది. ఆమె రెండు కాగితాలు కలిపి తిప్పి, ఆఖరిదైన పదిహేనో పేజీ అందుకుంది.

"అమ్మా, పదమూడు తర్వాత పదిహేను చదువుతున్నారు."

"పద్నాలుగో పేజీ ఆపాము. నిబంధన ప్రకారం మీకు చెబుతున్నాను. ఇక్కడ సంతకం పెట్టాలి."

"ఆపడమంటే?"

"మీకు చదవం. బోర్డు కూడా దాన్ని పట్టించుకోదు. మీ మార్కు తొమ్మిదే."

"తొమ్మిదంటే మంచిదేగా?"

"మంచిదే."

చక్కెర సంతకం పెట్టాడు. కలం కింద పెట్టలేదు. "అంటే నా గురించి ఎవరో ఏదో చెప్పారు."

"నేను అలా అనలేదు."

"మీరు అనలేదు లెండి. మీరెందుకంటారు." అతను కలం మూతితో బల్ల మీద మెల్లగా తట్టాడు. "మొదటి పేజీలో ఇద్దరు బంధువులన్నారు. ఈ భూమ్మీద నాకున్నదే ఇద్దరు. మా అక్క, మా ఇంటావిడ. ఇద్దరినీ అడిగితే రెండు ముక్కలుండాలి గదమ్మా, వీళ్లిలా అన్నారు, వాళ్లలా అన్నారు అని. ఇందాకటి నుంచి చెవులు రిక్కించి వింటున్నాను. ఒక్క ముక్క లేదు. ఆపిందేమో ఒక్క పేజీ. అంటే ఒకరు చెప్పారు, ఒకరు చెప్పలేదు. లెక్క సరిగ్గానే వచ్చిందా? నేను నాలుగు తప్పినవాణ్ని, ఏమీ అనుకోకండి."

అప్పుడు తట్టింది ఆమెకు. భార్య ఏమీ చెప్పలేదు కాబట్టి ఆమె ఏమీ రాయలేదు. రాయకండి అని అడిగింది కూడా. ఆ ఒక్క వాక్యం, బంధువుల్లో ఒకరు మాట్లాడటానికి ఇష్టపడలేదు అని పేరు లేకుండా రాసి ఉంటే, మరో ఇద్దరు ముగ్గురిని కలిసి ఉంటే, అంతమందిలో ఎవరో తెలిసేది కాదు. ఇద్దరినే కలిసింది. ఇద్దరని రాసింది.

"ఈ విషయం మీద నేనేమీ మాట్లాడకూడదు" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది.

"మాట్లాడొద్దమ్మా. మీ ఉద్యోగం పోతుంది. ఊరికే నా మటుకు నేను అనుకుంటాను, మీరు వినండి." అతను ముందుకు వంగాడు. గొంతు ఇంకా తీపి అయింది. "మా అక్క."

ఆమె దీనికోసమే పొద్దుటి నుంచి తయారై ఉంది. ఊపిరి బిగబట్టి, కళ్లు అతని చొక్కా పై బొత్తం మీద నిలిపి, గోడలా కూర్చుంది. అతను చాలాసేపు చూశాడు. తలుపు దగ్గర వార్డరు చెవిలో పుల్ల పెట్టుకుని తిప్పుకుంటున్నాడు.

"మా అక్క నన్ను ఎత్తుకు పెంచింది. నేనంటే ప్రాణం. చెప్పదు." అతను వెనక్కి వాలాడు. "పోతే, మా ఇంటావిడ."

ఆ మాట వినగానే పరీక్షలమ్మ బిగబట్టిన ఊపిరి వదిలింది. కావాలని కాదు. నీళ్లలో మునిగిన మనిషి తల పైకెత్తితే ఊపిరి దానంతటదే వచ్చినట్టు వచ్చింది. కళ్లు బొత్తం మీంచి జారి ఫైలు మీద పడ్డాయి. చెయ్యి దానంతటదే ఆ ఆపిన కాగితం మీద బోర్లా పడుకుంది. అంతా కలిపి రెప్పపాటు.

చక్కెర తల ఊపాడు. పాఠం అప్పజెప్పిన పిల్లను మాస్టారు చూసినట్టు, మెచ్చుకోలుగా చూశాడు.

"అదన్నమాట" అన్నాడు.

తప్పు చదివాడు. ఆమె ముఖం చదివి, తప్పు చదివాడు. ఆమె గుండెల్లో ముందు చల్లగా ఏదో దిగింది, అక్క బతికిపోయిందని. ఆ చల్లదనం ఇంకా పూర్తిగా దిగకముందే కుట్టు మిషను దగ్గర తల వంచుకున్న మనిషి కళ్లముందుకొచ్చింది. ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి.

"మీరు తప్పుగా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తప్పు అంటే రెండోవాళ్లే గదా. ఇద్దరే ఉన్న చోట ఒకరు కాదంటే ఇంకొకరి పేరు చెప్పినట్టే. ఆరేళ్లు చదివిన చదువులో ఈ చోట అనడానికి ఒక్క వాక్యం లేదు.

"నేనేం తప్పుగా అనుకోనమ్మా. ఆడమనిషి, ఒంటరిగా ఉంటోంది, భయపడి ఏదో అనుంటుంది. నేనెళ్లి నచ్చజెబుతాను." చక్కెర వార్డరు వైపు తిరిగాడు. "సార్, విడుదలయ్యాక ఎక్కడుంటానన్న కాగితం మీ దగ్గరే ఉందిగా. మా అక్క ఇల్లని రాయించాను. మార్చొచ్చా?"

"బోర్డుకి వెళ్లేలోపు మార్చొచ్చు." వార్డరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఎక్కడికి?"

"మా ఇంటావిడ దగ్గరికి. చట్టప్రకారం ఇంకా మొగుడూ పెళ్లాలమే."

"ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టాలి మరి. మనిషిని పంపి అడిగిస్తారు."

"పెడుతుంది సార్. ఇన్నేళ్లలో నేనేది అడిగినా కాదన్లేదు."

"మంచిదే. ఏళ్ల తర్వాత సంసారం నిలబడుతుందంటే అంతకంటే ఏం కావాలి" అని వార్డరు సంబరపడిపోతూ, అక్క చిరునామా మీద గీత కొట్టి, కొత్తది రాసుకున్నాడు. చక్కెర చెబుతుంటే ఒక్కో మాటా పైకి అంటూ రాశాడు. వీధి, మేడ మెట్లు ఎడమవైపు, తెరలు కుట్టే గది. పరీక్షలమ్మ నిన్న మధ్యాహ్నం ఆ మెట్లే ఎక్కింది. మెట్ల మీద గుడ్డ పీలికలు పడి ఉంటే కాలు జారకుండా గోడ పట్టుకుని ఎక్కింది.

ఇప్పుడు నోరు విప్పకపోతే, తనను నమ్మి చెప్పిన మనిషి క్షేమం. అక్క ఇల్లు కాగితంలోంచే పోయింది, దేవుడిచ్చినట్టు. చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. ఊరుకోవడం ఇంత కష్టమైన పనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, మార్చిన చోట మీ సంతకం కూడా కావాలి" అన్నాడు వార్డరు. కాగితం ఆమె ముందుకు జరిపి, సిరా ఆరడానికి ఊదాడు. "మీ ఎదురుగా రాశామని, అంతే. ఇక్కడ."

ఆమె కలం తీసుకుంది. వార్డరు వేలు పెట్టి చూపించిన చోట కలం ముక్కు ఆనించింది. చిన్న చుక్క పడి, చుట్టూ పాకసాగింది.

"ఆగండి బాబాయ్" అంది.

వార్డరు ఆగాడు. చక్కెర అప్పటికే లేచి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆ మాట వినగానే మళ్లీ నెమ్మదిగా కూర్చుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టి, ఆమె ముఖంలోకి ఎంతో ఆప్యాయంగా చూశాడు.

"ఏమ్మా," అన్నాడు, "చిరునామా తప్పు రాయించానా?"